కెమెరా సరే, కార్డు సంగతేంటి?

ఇది కొంచెం పొడుగు రాత. ఓపిక ఉన్నప్పుడు చదవండి, కానీ ఆదివారం మీటింగుకు ముందే చదవండి.

సంఘానికి ఒక మంచి మిర్రర్‌లెస్ కెమెరా కొనాలన్న మాట మన గ్రూపులో పది రోజులుగా నలుగుతోంది. ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ లెన్సు అని మన కుర్రాళ్ళు బాగా చదివి రాస్తున్నారు. సంతోషం. అయితే అన్ని మెసేజీల్లో మెమరీ కార్డు గురించి వచ్చినవి మూడే మూడు. "కార్డు ఏదో ఒకటి పడేద్దాం, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది" అని ఒకరు. "ఇంత పెట్టి కెమెరా కొంటూ కార్డు దగ్గర పిసినారితనం ఎందుకు, అన్నిటికన్నా పైది తీసుకుందాం" అని ఇంకొకరు. "ఫోటో తీసేవాడే తెచ్చుకుంటాడులే" అని మూడోవారు. ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటీ మన అవసరాన్ని చూసి అన్నది కాదని నా అభిప్రాయం. అన్నిటికన్నా చవకైన కార్డు మనకు వద్దు. అన్నిటికన్నా వేగమైనదీ అక్కర్లేదు. చెప్పిన మాట నిలబెట్టుకునే మధ్యరకం కార్డులు కావాలి, అవీ జంటలుగా కావాలి, వాటికి ఒక రిజిస్టరు కావాలి. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు ఇది ఎవరి కోసమో గుర్తు చేసుకుందాం. డబ్బున్న ఇంటి పెళ్ళికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వస్తారు, వీడియో అతను వేరే ఉంటాడు, ఇప్పుడు డ్రోన్ కూడా ఎగురుతోంది. ఒకరి కార్డు పోయినా ఇంకొకరి దగ్గర ఏదో ఒకటి మిగులుతుంది. సామూహిక వివాహాల్లో కూర్చునే జంటలకు అలా కాదు. వాళ్ళకు సంఘం కెమెరా ఒక్కటే కెమెరా. పీటల మీద కూర్చున్నాక వాళ్ళ చేతిలో ఫోను కూడా ఉండదు. చుట్టాలు తీసినవి గుంపులో తలకాయల మధ్యనుంచి తీసినవే. నాగావ్‌లో, పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో మగ్గాల మీద రోజుకూలీ చేసే ఇళ్ళ పిల్లలకు పెళ్ళి ఆల్బం అంటే మనం ఇచ్చే నాలుగు ఫోటోలే. అవి పోతే మళ్ళీ తీయడం కుదరదు. బతుకమ్మ ఫోటో పోతే వచ్చే ఏడాది బతుకమ్మ వస్తుంది. శ్రావణ పౌర్ణమి జంధ్యాల పండుగా అంతే. పుస్తె కట్టే ఘడియ అలా తిరిగి రాదు.

అందుకే కార్డు మీద అచ్చేసిన అంకెలను ఒక్కసారి కూర్చుని చదువుదాం. అర్థం కానిదేమీ లేదు.

మంచి ఎస్‌డీ కార్డు ముఖం మీద ఐదారు గుర్తులుంటాయి. అందరికీ కనిపించేది జీబీ. అది ఎంత పడుతుందో చెబుతుంది. దాని పక్కన పెద్ద అక్షరాల్లో సెకనుకు 170 ఎంబీ, 200 ఎంబీ, 300 ఎంబీ అని ఉంటుంది. ఇది చాలావరకు కార్డులోంచి కంప్యూటర్‌కు చదివే వేగం. కెమెరాలోంచి కార్డులోకి రాసే వేగం వేరు, అది తక్కువ. దాన్ని చాలా కంపెనీలు వెనకవైపు చిన్న అక్షరాల్లో వేస్తాయి, లేదా వేయవు. పైగా ఆ పెద్ద అంకె ముందు 'అప్ టు' అని ఉంటుంది. నేను చదివిన తమిళ బడిలో దాన్ని 'వరై' అంటారు. తెలుగులో 'వరకు', ఇక్కడ మరాఠీలో 'పర్యంత్'. ఏ భాషలో చదివినా ఒకటే అర్థం. అంతకు మించదు అని. అంత వస్తుందని కాదు.

మనకు పనికొచ్చే గుర్తు చిన్నగా ఉంటుంది. ఇంగ్లిషు వి అక్షరం, పక్కన ఒక అంకె: వి30, వి60, వి90. దీన్ని వీడియో స్పీడ్ క్లాస్ అంటారు. వి30 అంటే ఆ కార్డు వరుసగా రాసేటప్పుడు సెకనుకు 30 ఎంబీకి తగ్గకూడదు. వి60 అంటే 60కి తగ్గకూడదు, వి90 అంటే 90కి తగ్గకూడదు. ఇంకా పాత గుర్తులు కూడా అదే కార్డు మీద ఉంటాయి. సి అక్షరం లోపల 10 ఉంటే కనీసం 10 ఎంబీ. యు అక్షరం లోపల 1 ఉంటే కనీసం 10, 3 ఉంటే కనీసం 30. ఇవన్నీ 'కనీసం' లెక్కలు. పెద్ద అక్షరాల్లో ఉన్నది 'గరిష్ఠం' లెక్క.

రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తా పని చేసినవాడిని కనుక నాకు ఇది వెంటనే బోధపడింది. ఒక బండిని గంటకు 110 కిలోమీటర్లో 130 కిలోమీటర్లో నడపొచ్చని అనుమతి ఉండవచ్చు. టికెట్టు మీద సూపర్‌ఫాస్ట్ చార్జీ మాత్రం ఆ అంకె చూసి వేయరు. బ్రాడ్‌గేజ్ మీద రానూ పోనూ సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లకు తగ్గకపోతేనే ఆ బండి సూపర్‌ఫాస్ట్. ప్రయాణికుడిని ఇంటికి చేర్చేది ఆ సగటే కానీ, ఎక్కడో పది నిమిషాలు అందుకున్న 130 కాదు. కార్డు మీద 200 అన్నది ఆ 130 లాంటిది. వి అంకె ఆ 55 లాంటిది. కొనేటప్పుడు చూడవలసింది వి అంకె.

మన వృత్తిలోనూ ఇదే న్యాయం. గ్రే క్లాత్ కొనే వ్యాపారి తాను మీద రాసిన రీడు, పిక్కు చూసి డబ్బులివ్వడు. పిక్ గ్లాస్ తీసి బట్ట మీద పెట్టి, అంగుళంలో పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కపెడతాడు. రెండు పోగులు తగ్గితే రేటు కోస్తాడు. తరతరాలుగా పోగులు లెక్కపెట్టిన ఇళ్ళవాళ్ళం, ప్లాస్టిక్ ముక్క మీద అచ్చేసిన అంకెను మాత్రం అలాగే నమ్మేస్తున్నాం.

వి అంకె తర్వాత చూడవలసింది యూహెచ్ఎస్ గుర్తు. కార్డు మీద రోమన్ అంకె ఒకటి ఉంటే యూహెచ్ఎస్-1, రెండు ఉంటే యూహెచ్ఎస్-2. కార్డు తిప్పి చూస్తే ఇంకా సులువుగా తెలుస్తుంది. యూహెచ్ఎస్-1కి వెనక రాగి రంగు పిన్నులు ఒకే వరుస, యూహెచ్ఎస్-2కి రెండు వరుసలు. మొదటి దారిలో సెకనుకు 104 ఎంబీ దాటి పోయే వీలు లేదు. రెండో దారిలో 312 దాకా వీలుంది. యూహెచ్ఎస్-1 కార్డు మీద 170, 200 అని వేస్తారే, అది ఆ కంపెనీ అమ్మే ప్రత్యేకమైన రీడరులో వచ్చే వేగం. కెమెరాలో రాదు.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. యూహెచ్ఎస్-2 కార్డు పని చేయాలంటే కెమెరా స్లాటు కూడా యూహెచ్ఎస్-2 అయి ఉండాలి. మన కుర్రాళ్ళలో చాలామంది వాడే సోనీ ఎ6400లో స్లాటు యూహెచ్ఎస్-1. కెనాన్ ఆర్50 కూడా అంతే. వాటిలో వి90 కార్డు పెట్టడమంటే సింగిల్ లైను మీద రాజధాని నడిపినట్టు. పాడేమీ కాదు, నడుస్తుంది, కానీ పెట్టిన డబ్బుకు తగిన వేగం రాదు. అలాంటి కెమెరా ఉన్నవాళ్ళు మంచి కంపెనీ వి30 కార్డు కొనుక్కుని, మిగిలిన డబ్బుతో రెండోది కొనుక్కోండి. కెనాన్ ఆర్10, ఆర్8 లో యూహెచ్ఎస్-2 ఉంది కానీ స్లాటు ఒక్కటే. సోనీ ఎ7-3ని మనవాళ్ళు సెకండ్ హ్యాండులో బాగా కొంటున్నారు. దాంట్లో రెండు స్లాట్లున్నాయి, కానీ మొదటిదే యూహెచ్ఎస్-2, రెండోది యూహెచ్ఎస్-1. రెండింటిలోనూ ఒకేసారి రాయమంటే నెమ్మదైన దాని నడకే రెండింటి నడక అవుతుంది.

సరే, ఈ మిర్రర్‌లెస్ కెమెరాలకు అంత వేగం ఎందుకు కావలసి వచ్చింది? పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో ప్రతి ఫోటోకూ అద్దం లేచి పడాలి. అందుకే మామూలు మోడళ్ళు సెకనుకు ఐదారు ఫోటోలు తీసేవి. అద్దం తీసేసి, షట్టరు కూడా ఎలక్ట్రానిక్ అయ్యాక ఆ అడ్డు పోయింది. కెనాన్ ఆర్6 మార్క్-2 సెకనుకు 40 తీస్తుంది. 2023 నవంబరులో సోనీ ప్రకటించిన ఎ9-3 అయితే సెకనుకు 120. కెమెరా తీస్తుంది బాగానే ఉంది, కానీ అవన్నీ ఎక్కడికి పోతాయి?

సాయంత్రం కల్యాణ్ స్టేషనుకు లోకల్ వచ్చి ఆగడం అందరం చూశాం. బండి ఖాళీ కావడానికి అర నిమిషం చాలు. ఆ జనమంతా మెట్ల వంతెన ఎక్కి బయటపడడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. అంతవరకు వాళ్ళను మోసేది ప్లాట్‌ఫాం. కెమెరా లోపల కూడా ఒక ప్లాట్‌ఫాం ఉంది, దాన్ని బఫర్ అంటారు. తీసిన ఫోటోలు ముందు అక్కడ దిగుతాయి, అక్కడినుంచి కార్డు అనే వంతెన ఎక్కుతాయి. వంతెన ఖాళీ కాకముందే రెండో బండి, మూడో బండి వస్తే ప్లాట్‌ఫాం నిండిపోతుంది. అప్పుడు కెమెరా నెమ్మదిస్తుంది. సెకనుకు 20 తీసేది రెండో మూడో తీస్తుంది. ఫోటో తీసేవాడు బటన్ నొక్కుతూనే ఉంటాడు, లోపల ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, ఘడియ దాటిపోతుంది.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక 'రా' ఫైలు సుమారు 30 ఎంబీ అనుకోండి. ఒకే ముహూర్తానికి పదకొండు జంటలు కూర్చున్నాయి. ఒక జంట దగ్గర పుస్తె కట్టేటప్పుడు రెండు సెకన్లు గుక్క తిప్పకుండా తీసి, తీసేవాడు పక్క జంట దగ్గరికి జరుగుతాడు. మధ్యలో పదిహేను సెకన్లు దొరుకుతాయి అనుకుందాం.

సెకనుకు 20 చొప్పున తీస్తే జంటకు 40 ఫోటోలు, 1200 ఎంబీ. వి30 కార్డు కనీస వేగంలో దాన్ని రాయడానికి 40 సెకన్లు కావాలి. వి60కి 20 సెకన్లు, వి90కి 13 సెకన్ల చిల్లర. మన దగ్గర ఉన్నవి పదిహేను. అంటే వి90 తప్ప మిగతావి ప్రతి జంటకూ కొంత బాకీ మిగులుస్తూ పోతాయి. నాలుగో జంటకో ఐదో జంటకో బఫర్ నిండుతుంది. చివర కూర్చున్న జంటలకు అన్యాయం జరుగుతుంది.

అదే సెకనుకు 10 చొప్పున తీస్తే జంటకు 20 ఫోటోలు, 600 ఎంబీ. వి30కి 20 సెకన్లు, అంటే ఇంకా బాకీయే. వి60కి 10 సెకన్లు. పక్క జంట దగ్గరికి వెళ్ళేలోపు కార్డు పని పూర్తిచేసి సిద్ధంగా ఉంటుంది. మొదటి జంటకు ఎలా తీశాడో పదకొండో జంటకూ అలాగే తీయగలడు. మంచి కంపెనీ కార్డులు హామీ కన్నా ఎక్కువే రాస్తాయి, అది మనకు అదనపు లాభం. కానీ లెక్క మాత్రం హామీ మీదే వేయాలి.

పుస్తె కట్టడానికి సెకనుకు 10 ఫోటోలు చాలవా? చాలు. తలంబ్రాలకూ చాలు. పెళ్ళికొడుకు ఒలింపిక్స్‌లో పరుగెత్తడం లేదు. ఇరవై ఫోటోల్లో కళ్ళు తెరిచి ఉన్నది ఒకటి దొరుకుతుంది. సెకనుకు 40 తీస్తే ఆ రాత్రి కూర్చుని ఏరుకోవలసినవి నాలుగింతలు అవుతాయి, అంతే. కెమెరా పెట్టె మీద 40 అని ఉన్నంత మాత్రాన మనం 40 వాడాలని లేదు. అందుకని నా లెక్కలో మనకు సరిపోయేది యూహెచ్ఎస్-2, వి60. వి90 వద్దు. ఆ రెంటి ధరల తేడాతో ఇంకో వి60 కొనుక్కోవచ్చు, అదే మనకు ఎక్కువ ఉపయోగం.

వీడియో సంగతి. ఇక్కడ ఒక చిన్న చిక్కుముడి ఉంది, దాన్ని విప్పుకుంటే చాలు. కెమెరా మెనూలో 100, 200, 400 అని ఉండేవి మెగాబిట్లు. కార్డు మీద ఉండేవి మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100ని ఎనిమిదితో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర ఎంబీ. 200 అంటే 25 ఎంబీ. ఈ రెంటికీ వి30 కార్డు హాయిగా సరిపోతుంది. 400 అంటే 50 ఎంబీ, దానికి వి60. 600 అంటే 75 ఎంబీ, అప్పుడే వి90 కావాలి. మన బతుకమ్మ, మన మార్కండేయ స్వామి ఊరేగింపు యూట్యూబులో పెట్టడానికి 4కె వంద మెగాబిట్లు చాలు. అలా తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డులో రెండున్నర గంటల పైచిలుకు పడుతుంది.

ఒక తమ్ముడు సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కార్డులు తీసుకుందామన్నాడు. అవి నిజంగా గొప్పవే. కంప్యూటర్ లోపలి ఎస్‌ఎస్‌డీ పద్ధతిలో పని చేస్తాయి. 2019లో వచ్చిన 2.0 ప్రమాణం ప్రకారం టైప్-ఎ దారిలో సెకనుకు 1000 ఎంబీ, టైప్-బి దారిలో 2000 ఎంబీ దాకా వీలుంది. ఒక జంట 1200 ఎంబీ రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. కానీ అవి అన్ని కెమెరాల్లో పట్టవు. సోనీ వాళ్ళది టైప్-ఎ. నికాన్ జెడ్8, జెడ్6-3, కెనాన్ ఆర్5 వాడేది టైప్-బి. ఒకదానిలో ఒకటి దూరదు. వీటి రీడరు కూడా వేరే కొనాలి. అన్నిటికన్నా ముఖ్యం, నేను చెప్పిన నికాన్, కెనాన్ మోడళ్ళలో ఒక స్లాటు సీఎఫ్ ఎక్స్‌ప్రెస్, రెండోది మామూలు ఎస్‌డీ. రెండింటిలోనూ ఒకేసారి రాయమన్నప్పుడు ఎస్‌డీ వేగమే దిక్కు. అంటే జంట కార్డుల పద్ధతి పాటిస్తే ఖరీదైన కార్డు తన వేగం చూపించలేదు. 8కె వీడియో తీసేవాళ్ళకు, పక్షుల్ని, క్రికెట్‌ను తీసేవాళ్ళకు అవి కావాలి. మనకు ఆ ఖర్చు అక్కర్లేదు.

జంట కార్డులు అని ఇందాకటినుంచి అంటున్నాను. దాని అర్థం ఇది. రెండు స్లాట్లున్న కెమెరాలో ప్రతి ఫోటోనూ రెండు కార్డుల్లోనూ రాయమని మెనూలో పెట్టవచ్చు. ఒకటి చచ్చిపోయినా రెండోది బతికి ఉంటుంది. మెమరీ కార్డు లోపల ఉండేది ఫ్లాష్ మెమరీ. 1980లలో జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా కనిపెట్టినది. దానిలో తిరిగే చక్రాలు లేవు కాబట్టి కిందపడినా తొందరగా పాడవదు. అయితే అది చెడిపోయేటప్పుడు ముందుగా చప్పుడు చేయదు, హెచ్చరిక ఇవ్వదు. పొద్దున పని చేసింది మధ్యాహ్నం 'కార్డు చదవలేకపోతున్నాం' అంటుంది. ఎంత మంచి కంపెనీదైనా ఇది తప్పదు. లైఫ్‌టైమ్ వారంటీ ఉంది కదా అంటారు. పోయిన కార్డు బదులు కొత్త కార్డు ఇస్తారు. అందులో ఉన్న పెళ్ళి ఇవ్వరు. అందుకే సంఘం కొనే కెమెరాకు రెండు స్లాట్లు ఉండాలన్నది నా మొదటి షరతు. ఒక్క స్లాటున్న కెమెరా ఎంత వేగంగా తీసినా సామూహిక వివాహాలకు అది పనికి రాదు.

ఇక నకిలీల సంగతి. మన ఊరి చుట్టూ ఉన్న గోదాముల్లోంచే ముంబై మహానగరానికి ఆన్‌లైన్ సరుకు సగానికి సగం వెళుతున్నట్టు కనిపిస్తుంది. మగ్గాలు అమ్ముకున్న ఇళ్ళ పిల్లలు ఎంతోమంది అక్కడే ప్యాకింగ్ పని చేస్తున్నారు. ప్యాకెట్ మీద పెద్ద వెబ్‌సైటు పేరున్నంత మాత్రాన లోపలి సరుకు ఆ వెబ్‌సైటుది కాదని వాళ్ళకు బాగా తెలుసు. అమ్మేవాడు వేరే ఎవరో ఉంటాడు. కింద 'సోల్డ్ బై' అని ఉన్న పేరు చూడాలి.

నకిలీ కార్డు రెండు రకాలు. ఒకటి నెమ్మది కార్డుకు వేగం కార్డు బొమ్మ అంటించడం. రెండోది ఇంకా దారుణం. 32 జీబీ, 64 జీబీ ముక్క లోపల ఉంటుంది, కానీ కార్డు లోపలి కంట్రోలరును మార్చి 512 జీబీ అనో ఒక టీబీ అనో చెప్పిస్తారు. కెమెరా నమ్ముతుంది, కంప్యూటర్ నమ్ముతుంది. అసలు చోటు నిండేదాకా అన్నీ బాగానే ఉంటాయి. ఆ తర్వాత తీసినవి ఎక్కడా చేరవు, లేదా ముందు తీసినవాటి మీదే పడతాయి. ఫైళ్ళ పేర్లు మాత్రం వరుసగా కనిపిస్తాయి. ఇంటికెళ్ళి తెరిస్తే సగం బూడిద రంగు. పెళ్ళిలో పొద్దుట తీసిన పసుపు కొట్టడం ఉంటుంది, పుస్తె కట్టింది ఉండదు.

దీన్ని పట్టుకోవడం పిక్ గ్లాస్ పెట్టినంత సులువు. విండోస్ కంప్యూటర్ మీద హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. లైనక్స్, మ్యాక్ వాళ్ళకు ఎఫ్3 ఉంది. కొత్త కార్డు పెట్టి నడిపిస్తే అది కార్డును చివరి అంగుళం దాకా నింపి, మళ్ళీ అంతా చదివి సరిచూస్తుంది. రాసే వేగమెంత, చదివే వేగమెంత అని కూడా చెబుతుంది. పెద్ద కార్డుకు గంటో రెండు గంటలో పట్టవచ్చు, పట్టనివ్వండి. ఆ కాగితం మీద సరే అని వచ్చాకే కార్డు సంఘం ఖాతాలో చేరాలి. కొనేచోటు కూడా ముఖ్యం. బోరా బజార్‌లో కెమెరా సామాన్లమ్మే షాపులున్నాయి, ల్యామింగ్టన్ రోడ్డు ఉంది. ఎక్కడైనా సరే జీఎస్టీ బిల్లు ఇచ్చే అధీకృత డీలరు దగ్గరే కొనాలి. బిల్లు వద్దంటే ఇంత తగ్గిస్తానన్న షాపులో కొనకూడదు.

"ఫోటోగ్రాఫరే తెచ్చుకుంటాడు" అన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. వచ్చే కుర్రాడు మన పిల్లవాడే, ఉచితంగానో పెట్రోలు ఖర్చుకో వస్తాడు. వాడి జేబులో ఉన్న కార్డు ఎన్నాళ్ళదో, అందులో మొన్నటి ఎవరి బారసాల ఉందో మనకు తెలియదు. కార్యక్రమం అయ్యాక ఆ కార్డు వాడితో వెళ్ళిపోతుంది, తర్వాత రోజు ఇంకో పనికి దాన్ని ఫార్మాట్ చేస్తాడు. తప్పు వాడిది కాదు. మన ఫోటోల బాధ్యత మనం వాడి జేబులో పెట్టాం, అది మన నిర్వాకం.

కార్డు కొన్నాక వాడే తీరు గురించి నాలుగు మాటలు. ఫార్మాట్ కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే చేయాలి. వేదిక మీద నిలబడి ఒక్కొక్క ఫోటో చూసి తుడిచేయడం వద్దు, అనవసరంగా తుడిచే ఫోటో తక్కువేమీ ఉండదు. లైటు మినుకుమంటుంటే కార్డు లాగకూడదు, బ్యాటరీ తీయకూడదు. ఎవరైనా పొరపాటున ఫోటోలు తుడిచేస్తే ఆ క్షణమే ఆ కార్డు వాడకం ఆపి పక్కన పెట్టాలి. మళ్ళీ దాని మీద రాయకపోతే ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో చాలావరకు తిరిగి తీయవచ్చు. మగ్గాల షెడ్డు దగ్గర కార్డు మార్చేటప్పుడు జాగ్రత్త, మన గాలిలో దూది నుసి ఎప్పుడూ తేలుతూనే ఉంటుంది. అది స్లాటులో చేరితే గాలి బల్బుతో ఊదాలి కానీ గుడ్డ పెట్టి పొడవకూడదు. కార్డుల మీద స్టిక్కరు అంటించవద్దు, ఊడి లోపల ఇరుక్కుంటుంది. మార్కరుతో అంకె వేస్తే చాలు.

రీడరు మరిచిపోవద్దు. పాత యూఎస్‌బీ-2 రీడరులో వేగం కాగితం మీదే సెకనుకు 60 ఎంబీ, నిజంగా వచ్చేది ముప్పై నలభై. 64 జీబీ దించడానికి అరగంట పడుతుంది. అర్ధరాత్రి మంటపం ఊడ్చే వేళ అరగంట ఎవరూ కూర్చోరు, "రేపు చూద్దాంలే" అంటారు. ఆ రేపటిలోనే కార్డులు పోతాయి. యూహెచ్ఎస్-2 రీడరు ఉంటే అదే పని ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. కార్డు వేగం వల్ల మనకు రోజూ కలిగే లాభం నిజానికి ఇక్కడే ఎక్కువ.

ఇంకో మాట. కార్డు దాచుకునే పెట్టె కాదు, మోసుకొచ్చే సంచీ. ఫోటోలు కార్డులోనే ఉన్నాయి కదా అని బీరువాలో పెట్టి ఏళ్ళ తరబడి మరిచిపోతే, లోపలి విద్యుదావేశం మెల్లగా జారిపోయి ఫోటోలు చెడవచ్చు. రెండు వేరు వేరు హార్డ్ డిస్కుల్లోకి దించి, ఒకటి ఆఫీసులో, ఒకటి కార్యదర్శి ఇంట్లో ఉంచాలి. మొన్నటిదాకా నడిచిన మగ్గాలు ఇప్పుడు తుక్కు కింద కిలోల లెక్కన పోతున్నాయి. కరీంనగర్ నుంచో, వరంగల్ నుంచో, నల్గొండ నుంచో వచ్చి ఇక్కడ మొదటి మగ్గం బిగించిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ ఫోటోలు తీయించాలన్న ఆలోచన కూడా ఈ కెమెరా వెనక ఉందని విన్నాను. అవి కూడా రెండోసారి తీయలేనివే.

ఆదివారం సమావేశం ముందు నా ప్రతిపాదనలు ఇవి.

1. కొనే కెమెరాకు రెండు కార్డు స్లాట్లు ఉండాలి, రెండూ యూహెచ్ఎస్-2 అయి ఉండాలి. అలా ఉంటే సెకనుకు పది ఫోటోల మోడల్ అయినా చాలు.

2. ఒకే కంపెనీవి 128 జీబీ వి60 కార్డులు నాలుగు, అంటే రెండు జతలు. ఒక జత కెమెరాలో, ఒక జత డబ్బాలో. దానితో ఒక యూహెచ్ఎస్-2 రీడరు. ఈ ఖర్చును కెమెరా బడ్జెట్‌లోనే ముందుగా తీసి పక్కన పెట్టాలి. లెన్సు కొన్నాక మిగిలితే చూద్దామంటే మిగలదు.

3. బిల్లుతో కొనాలి. కోశాధికారి ఎదుట నాలుగు కార్డులనూ పూర్తిగా పరీక్షించాలి. తేడా వస్తే అదే వారంలో వెనక్కి ఇవ్వాలి.

4. కార్డులకు ఒకటి నుంచి నాలుగు అంకెలు వేసి ఒక రిజిస్టరు పెట్టాలి. ఎవరు, ఏ తేదీన, ఏ కార్యక్రమానికి తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు, ఎన్ని ఫోటోలు. రెండు డిస్కుల్లోకి దించినట్టు ఇద్దరి సంతకాలు పడేదాకా ఏ కార్డునూ ఫార్మాట్ చేయకూడదు.

5. రిజిస్టరు రాయడానికి మనిషి దొరకకపోతే ఆ పని నేను చేస్తాను. నాకు అలవాటైన పనే.

వీటిలో ఏదైనా ఎక్కువ అనిపిస్తే కింద రాయండి, మాట్లాడుకుందాం. ముఖ్యంగా పెళ్ళిళ్ళు తీసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మీ అనుభవం చెప్పండి. జంటకూ జంటకూ మధ్య నేను వేసుకున్న పదిహేను సెకన్లు మరీ తక్కువా, ఎక్కువా అన్నది మీకే బాగా తెలుస్తుంది. ఆ అంకె మారితే నా లెక్క కూడా మారుతుంది. పది సెకన్లకు తగ్గితే ఇంకా కుదురుతుంది, ఐదు సెకన్లే దొరుకుతాయంటే మాత్రం ఒక కెమెరాతో అవదు, ఇద్దరు మనుషులు కావాలి. అదీ ఆదివారమే తేల్చుకుందాం.